సర్వపిండికి చిల్లులెందుకు?

బాలలూ! వేసవి సెలవుల్లో సిరిసిల్లలో మా యింటికి స్పెయిను దేశం చూచివచ్చిన చుట్టం ఒకాయన వచ్చాడు. ఇంట్లో సర్వపిండి చేస్తూంటే మా మనుమడు సిగ్గుపడి, "అంత దూరం తిరిగొచ్చినాయనకు ఇదేనా, తాతా? బేకరీల కేకు తెస్త" అన్నాడు.

చుట్టం అది విని నవ్వాడు. "అబ్బాయీ, స్పెయినులో 'తాపాస్' అని చిన్న చిన్న పళ్లాలలో ఫలహారాలు పెడతారు. ఆలివు కాయలు, బంగాళాదుంపల అట్టు వంటివి నలుగురూ పంచుకుని, నిలబడి కబుర్లాడుతూ తింటారు. 'తాపా' అంటే మూత. అవి నేను తిన్నాను. మరి నీ సర్వపిండికి ఈ చిల్లులెందుకో చెప్పు!"

మనుమడు తెల్లమొగం వేశాడు. వాడి నాయనమ్మ చెప్పింది: "బియ్యప్పిండిల శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం కలిపి సర్వ అడుగున అద్దుతం. చిల్లులల్ల పోసిన నూనె అడుగుదాక దిగుతది, కింది ఆవిరి పైకొస్తది. మూత పెడితే ఆ ఆవిరికే పైభాగం ఉడుకుతది."

"అయితే మనకూ తాపా ఉన్నది!" అన్నాడు మనుమడు.

ఇంకొక వింత వినండి. మిరప, పల్లీ, బంగాళాదుంప మూడూ అమెరికా ఖండాలలో పుట్టినవే. 1492లో స్పెయిను ఓడలలో బయలుదేరిన కొలంబసు మిరపను ఐరోపాకు తెచ్చాడు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దానిని మన దేశానికి తెచ్చారు. అందుచేత ఆ అట్టూ మన సర్వపిండీ దూరపు చుట్టాలే!

రెండవ ముక్కను మనుమడే వడ్డించాడు. జగిత్యాల, కోరుట్ల బాలలారా! మీ యింటి వంట ఒకదానిని గురించి "ఎందుకు?" అని ఈ నెల అడిగి చూడండి.