వంటింటి మందుకూ చట్టానికీ మధ్య

కోరని గర్భం నిలిచినప్పుడు మన ఇళ్లలో పెద్దలకు మొదట గుర్తుకు వచ్చేవి పచ్చి బొప్పాయి, అనాసపండు, నువ్వులు, బెల్లం. గృహవైద్యాన్ని ఆదరించే ఈ పుటల్లోనే ఒక మాట నిక్కచ్చిగా చెప్పక తప్పదు. జలుబుకు మిరియాల కషాయం సరే. గర్భాన్ని సురక్షితంగా తొలగించే ఔషధం వంటింట్లో లేదు. ఆ నమ్మకంతో గడిపిన ప్రతి వారమూ తరువాతి చికిత్సను మరింత కష్టతరం చేస్తుంది.

1971 నాటి చట్టం నిర్దిష్ట కారణాలపై గర్భవిచ్ఛిత్తిని అనుమతిస్తున్నది. గర్భనిరోధక సాధనం విఫలం కావడం వాటిలో ఒకటి. 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో 24 వారాల వరకు అవకాశం ఉంది. ఇందులో అవివాహితలకు వివక్ష తగదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరి చిక్కు ఎక్కడ? చికిత్స జరిగే చోటును కూడా చట్టమే నిర్ణయిస్తుంది. ప్రభుత్వాసుపత్రులకు వేరే ఆమోదం అక్కరలేదు. ప్రైవేటు ఆసుపత్రికి జిల్లా కమిటీ ఆమోదపత్రం ఉండాలి. స్త్రీ ప్రాణరక్షణకు ఈ నియమం అవసరమే. తిరుపతి పట్టణవాసులకు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాల అందుబాటులో ఉంది. కాని సత్యవేడు పల్లెల నుంచి తిరుపతికి, రామకుప్పం పల్లెల నుంచి చిత్తూరుకు వెళ్లిరావడమంటే పేదరాలికి ఒక దినం కూలి పోవడమే. అందువల్ల ఆమె ఊరి ‘ఆర్.ఎం.పి.’ని ఆశ్రయిస్తుంది. చట్టం చెప్పే రిజిస్టర్డ్ వైద్యునికి గుర్తింపు పొందిన అల్లోపతి పట్టా, ప్రసూతి వైద్యంలో శిక్షణ లేదా అనుభవం ఉండాలి. మన పల్లెల్లో ఆ మూడక్షరాలు ఏ పట్టా లేనివారికి కూడా బిరుదులయ్యాయి. ఆయుర్వేద వైద్యులకు సైతం ఈ చికిత్స చేసే అధికారం లేదని పాఠకులు గ్రహించాలి.

‘మీ ఆయన సంతకం కావాలమ్మా’ అన్న మాట మరొక అడ్డంకి. 18 ఏళ్లు నిండి, మానసిక అస్వస్థత లేని స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకాన్ని చట్టం కోరదు. ఆమె వివరాలను అనధికారికంగా బయటపెట్టినవారికి శిక్ష కూడా ఉంది.

నిబంధనలు సడలించాలని మేము కోరడం లేదు. అవి జనానికి తెలియాలని కోరుతున్నాము. ఆమోదం పొందిన కేంద్రాల పేర్లను, భర్త సంతకం అక్కరలేదన్న వాక్యాన్ని ఉభయ జిల్లాల అధికారులు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడపై తెలుగులో రాయించాలి. ఇంటి పెద్దలకు మా మనవి ఒక్కటే: నెల తప్పిన విషయం కోడలు చెప్పినా, మన ఇంట పనిచేసే మనిషి చెప్పినా, కషాయం పెట్టి కాలహరణం చేయకండి. తోడుగా ఆసుపత్రికి వెళ్లండి.