కంప్యూటర్ మనది, పెత్తనం ఎవరిది?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. మర్నాడు ఏ ఆఫీసులోనూ కంప్యూటర్లు మొరాయించలేదు. బిల్లులు కొట్టారు, జీఎస్టీ రిటర్నులు వేశారు. కానీ భద్రతా అప్‌డేట్లు ఇంకా కావాలంటే సంస్థలు ఒక్కో యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు కట్టాలి. రెండో ఏడాది అంతకు రెట్టింపు, మూడో ఏడాది దానికీ రెట్టింపు. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, 2016లో కొన్న కంప్యూటర్ నిక్షేపంగా ఉన్నా అందులోని ప్రాసెసర్ పాతదని కంపెనీ ఒప్పుకోదు.

యంత్రానికి డబ్బు పెట్టింది ఒకరు, దానికి ఆయుష్షు రాసింది మరొకరు.

విండోస్‌కు బదులు వాడదగ్గ లినక్స్ పేరెత్తగానే మన వ్యాపారులకు ముందుగా వినిపించే మాట ‘ఫ్రీ’. అనుమానమూ అక్కడే మొదలవుతుంది, ఊరికే ఇస్తున్నారంటే ఏదో మెలిక ఉంటుందని. నిజానికి లినక్స్ లాంటి, కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్‌లో ధర రెండో సంగతి. అసలు లాభం పెత్తనంలో ఉంది.

దీనికి సెంటాస్ కథే సాక్ష్యం. ప్రపంచమంతా సర్వర్లలో ఉచితంగా వాడుకుంటున్న ఈ లినక్స్‌లో 8వ వెర్షన్‌కు 2029 దాకా ఢోకా లేదనుకున్నారు. 2020 డిసెంబర్‌లో దాన్ని నడిపే రెడ్ హ్యాట్ కంపెనీ ఆ గడువును ఒక్కసారిగా 2021 చివరికి కుదించింది. గగ్గోలు పుట్టింది. అంటే లినక్స్ లోకంలోనూ కంపెనీలు మాట తప్పుతాయి. అయితే తర్వాత జరిగింది వేరు. కోడ్ అందరి చేతుల్లోనూ ఉంది కాబట్టి 2021 మార్చిలో ఆల్మాలినక్స్, జూన్‌లో రాకీ లినక్స్ వచ్చేశాయి. సర్వర్లు మార్చకుండా, ఉన్న ప్రోగ్రాములు తిరగరాయకుండా సంస్థలు వాటికి మారిపోయాయి. విండోస్ 10ను అలా ఎత్తుకుని నడిపే హక్కు ఇంకెవరికీ లేదు.

గుజరాత్‌లో చమురుశుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీకి ఈ తేడా గట్టిగానే తెలిసొచ్చింది. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు విధించాక ఆ కంపెనీకి ఈమెయిల్, టీమ్స్ సేవలు మైక్రోసాఫ్ట్ ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకెక్కాక గానీ అవి తిరిగి రాలేదు. అవి ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, ఆన్‌లైన్ సేవలు. అయినా ప్రశ్న అదే. డబ్బు కట్టి వాడుకుంటున్నదాని స్విచ్ ఎవరి దగ్గరుంది?

అలాగని రాత్రికి రాత్రి అన్నీ మార్చేస్తే చేతులు కాలతాయి. ఫ్రాన్స్ పోలీసు దళం జాండార్మెరీ ఎక్కడా తొందరపడలేదు. 2005లో ముందు ఓపెన్ఆఫీస్ అలవాటు చేసింది. ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్. సిబ్బంది చేతులు వాటికి అలవాటుపడ్డాకే, 2008 నుంచి అడుగున ఉన్న విండోస్‌ను తీసి ఉబుంటు లినక్స్ పెట్టడం మొదలుపెట్టింది. ఇవాళ అక్కడి లక్ష పైచిలుకు కంప్యూటర్లలో అత్యధికం దాని మీదే నడుస్తున్నాయి. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ కూడా సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది. కానీ వాడేవాళ్ల ఫిర్యాదులూ, కొత్త మేయర్ మొగ్గూ తోడై 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది.

మన దగ్గర చిక్కుముడి మరోచోట ఉంది. శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపులోకి ఒకసారి తొంగిచూడండి. తెర మీద ఇప్పటికీ పేజ్‌మేకర్ కనిపించే షాపులున్నాయి. దాని చివరి వెర్షన్ 2001 నాటిది. ఆపరేటర్ వేళ్లు ‘అను’ ఫాంట్ల కీబోర్డు మీద చూడకుండానే పరిగెడతాయి. ఆ అక్షరాలు అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగల యూనికోడ్ కావు. అదే ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే ‘శ్రీరస్తు’ కాస్తా పిచ్చి గుర్తుల వరుస అయిపోతుంది. ఏళ్ల తరబడి చేసిన పనంతా ఆ ఫైళ్లలోనే ఇరుక్కుంది. అకౌంటెంట్లకు టాలీతో ఇదే తంటా, అది విండోస్ కోసం తయారైనది. అలాంటివారికి లినక్స్ వేసుకోమని సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కష్టం. డీటీపీ వాళ్లు కొత్త పనులైనా మండలి, గిడుగు, ధూర్జటి వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లలో చేస్తూ పోతే, రేపు ఏ సిస్టమ్‌కు మారినా ఆ ఫైళ్లు వెంట వస్తాయి.

ఖర్చు సున్నా అనుకోవడమూ పొరపాటే. లైసెన్స్ డబ్బు మిగిలిందని సంబరపడి, లినక్స్ తెలిసిన మనిషిని పెట్టుకోకపోతే మొదటిసారి ప్రింటర్ మొండికేసినరోజే విండోస్ గుర్తొస్తుంది. మిగిలినదాంట్లో కొంత అలాంటి కుర్రాడికి ఇస్తే ఆ డబ్బు మన ఊళ్లోనే ఉంటుంది, పనితనమూ ఇక్కడే పెరుగుతుంది.

పాత కంప్యూటర్లను తూకానికి వేసేముందు ఒక్కదాంట్లో పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ నడిపి చూడండి. హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే నడుస్తుంది. ప్రింటర్ పలుకుతోందా, డిజిటల్ సంతకం టోకెన్‌ను గుర్తిస్తోందా, తెలుగు సరిగ్గా కనిపిస్తోందా అని ఒక వారం పరీక్షించండి. అన్నీ కుదిరితే బ్రౌజర్‌తోనే పని గడిచిపోయే రిసెప్షన్ కంప్యూటర్‌తో మొదలుపెట్టండి. టాలీ ఉన్నదాన్ని మాత్రం చివరిదాకా కదపకండి.