జమ అయిన ప్రతి రూపాయీ అమ్మకమేనా?

2025 జూలైలో కర్ణాటకలోని పలు చిన్న అంగళ్ల ముందు ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అనే పలకలు వెలిశాయి. ఆ రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ 2021-22 మొదలు 2024-25 వరకు జరిగిన యూపీఐ చెల్లింపుల వివరాలను తెప్పించి, జీఎస్టీ నమోదు పరిమితిని దాటినట్లు తోచిన వ్యాపారులకు తాఖీదులు పంపడమే అందుకు కారణం. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారిని సుమారు 29 లక్షల రూపాయల పన్ను అడిగిన వైనం పత్రికలకెక్కింది. తాజా కూరగాయలకు అసలు జీఎస్టీయే లేదు. వర్తకుల ఆందోళన పిమ్మట, పాత బకాయిలను వసూలు చేయబోమని, నమోదు కావలసినవారు మాత్రం కావలసిందేనని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించారు.

వివాదం అప్పటికి సద్దుమణిగినది గాని, మూలకారణం తొలగలేదు. బ్యాంకు ఖాతా తేదీని, పేరును, మొత్తాన్ని చూపుతుంది; ఆ సొమ్ము ఎందుకు వచ్చిందో చెప్పదు. అల్లుడు పంపిన చేబదులు, చీటీ పాట సొమ్ము, పాల అమ్మకం, సబ్బుల అమ్మకం అన్నీ అక్కడ ఒకే వరుసలో నిలుస్తాయి. పూర్వం అంగడి చిట్టాలో ప్రతి పద్దుకు ఎదురుగా వివరం ఉండేది. నేటి ఫోను జమను బిగ్గరగా చదివి వినిపిస్తుందే తప్ప, వివరాన్ని రాసి పెట్టదు.

కనుక వ్యాపార ఖాతాల కోసం బ్యాంకులు రూపొందించే యాప్‌లలో రసీదుల పద్దు ఒక అలంకారం కారాదు. అదే ప్రధానాంగం కావాలి. రోజుకు మూడు వందల జమలు వచ్చే టీ అంగడివానిని ప్రతిసారీ ప్రశ్నిస్తే అతడు రెండో రోజే విసిగి మానుకుంటాడు. మామూలు చిన్న మొత్తాలను అమ్మకంగా దానంతటదే నమోదు చేసుకొని, అసాధారణమైన పెద్ద మొత్తాల విషయంలో మాత్రమే ‘ఇది అమ్మకమా, అప్పా, ఇంటి సొమ్మా?’ అని అడగడం ఉచితం. పన్ను ఉన్న సరకును, లేని సరకును వేరుగా గుర్తించాలి. కొనుగోలు బిల్లుల అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది కాబట్టి, వాటి ఫోటోను ఆనాటి చెల్లింపుతో జతపరచాలి. నగదు అమ్మకాలను కూడా కలిపి, పరిమితి దగ్గరపడగానే హెచ్చరించాలి.

ఈ పరిమితి అంతటా ఒకటి కాదన్నది మన సరిహద్దు కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి. సరకుల వ్యాపారానికి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో ఏడాదికి 40 లక్షల రూపాయలు. పుదుచ్చేరికి చెందిన యానాంలో 20 లక్షలు మాత్రమే. సేవలకు ఈ అన్నిచోట్లా 20 లక్షలే. అంతేకాక, పన్ను గల సరకును రాష్ట్రం దాటించి అమ్మేవారికి సాధారణంగా ఈ మినహాయింపు వర్తించదు. పావగడ అంగడి నుండి మడకశిర వైపు బండి పంపేటప్పుడు మనకు అది పక్క ఊరు. చట్టానికి మాత్రం పర రాష్ట్రం. సరకు ఎక్కడికి చేరిందో రసీదులో లేకపోతే యాప్ ఈ ప్రమాదాన్ని పసిగట్టలేదు. కర్ణాటకలోని అంగడి అయినంత మాత్రాన కన్నడమే, లేదా ఇంగ్లీషే చూపడం కూడా తగదు. యజమాని ఏ భాషలో లెక్క రాసుకుంటాడో ఆ భాషను ఎంచుకొనే వీలు ఉండాలి.

నమోదైన వ్యాపారి తన లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుండి 72 నెలలు భద్రపరచవలసి ఉంది. బ్యాంకు మారినా, ఫోను పోయినా ఆ రసీదులు చేతికి వచ్చేటట్లు ఉండాలి. వ్యాపారి తన కోసం రాసుకున్న వివరాన్ని అతని అనుమతి లేకుండా రుణ సంస్థలకు అందించరాదు.

అట్టి సదుపాయం వచ్చేవరకు మనం చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. ఇంటి సొమ్ముకు ఒక ఖాతా, అంగడి సొమ్ముకు మరొక ఖాతా పెట్టుకోవచ్చు. రాత్రి అంగడి మూసేముందు పెద్ద జమలకు కారణం రాసి, కొన్న బిల్లులను బడికి వెళ్లే పిల్లల చేత ఫోటో తీయించవచ్చు. తాఖీదు వచ్చిననాడు వట్టి నోటి మాట నిలువదు. బిల్లుతో కూడిన పద్దే నిలుస్తుంది.