డాక్టర్‌పై కేసు వేసే లాయర్ ఎందుకు వేస్తాడు?

బ్రిటన్‌లో వైద్య నిర్లక్ష్యం కేసులు చూసే సొలిసిటర్లకు అంత మంచి పేరు లేదు. ప్రజల పన్నులతో నడిచే ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్, ఒక్క ఇంగ్లండ్‌లోనే 2023-24లో ఈ కేసుల కింద సుమారు 280 కోట్ల పౌండ్లు చెల్లించింది. బాధితుల లాయర్ల ఫీజులూ ఆ మొత్తంలో భాగమే. రోగుల వైద్యానికి ఖర్చు కావాల్సిన సొమ్ము లాయర్ల జేబుల్లోకి పోతోందన్న విమర్శ అక్కడ చాలా కాలంగా ఉంది. ఎన్‌హెచ్ఎస్‌లో పనిచేసే మన తెలుగు డాక్టర్లకూ ఈ మాట కొత్త కాదు.

డబ్బు ప్రమేయం లేదనడం అబద్ధమే అవుతుంది. 2013 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ఈ కేసులకు ప్రభుత్వ న్యాయసహాయం దాదాపు ఆగిపోయింది. గర్భంలో, పుట్టుక సమయంలో లేదా పుట్టిన ఎనిమిది వారాల్లోపు మెదడు, నరాలు తీవ్రంగా దెబ్బతిన్న పిల్లల కేసులకు మాత్రమే మినహాయింపు ఇచ్చారు. మిగతావాటిలో ఎక్కువగా నడిచేది 'గెలిస్తేనే ఫీజు' ఒప్పందం. ఓడితే ఏళ్ల తరబడి చేసిన పనికి సొలిసిటర్‌కు పైసా రాదు. గెలిస్తే మామూలు ఫీజుపై అదనపు రుసుము వస్తుంది. పరిహారంలో నాలుగో వంతుకు మించి ఆ రుసుము తీసుకోకూడదు, బాధితుడి భవిష్యత్ సంరక్షణ కోసం ఇచ్చే సొమ్మును ముట్టుకోనేకూడదు. ఇది వ్యాపారమే. కానీ వ్యాపారం ఒక్కటే అయితే కొన్ని కేసులు అసలు నిలబడేవే కావు.

స్కాట్లండ్‌లోని మాంట్‌గోమరీ కేసే తీసుకోండి. తల్లికి మధుమేహం, మనిషి పొట్టి. అలాంటి తల్లులకు ప్రసవంలో బిడ్డ భుజం ఇరుక్కునే ప్రమాదం 9-10 శాతం ఉంటుందని డాక్టర్‌కు తెలుసు. చెబితే సిజేరియన్ కావాలంటుందని చెప్పలేదు. 1999లో కాన్పు రోజున సరిగ్గా అదే జరిగింది. తల బయటికొచ్చాక మిగతా శరీరం రావడానికి 12 నిమిషాలు పట్టింది, ఆక్సిజన్ అందక బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. ఆ కుటుంబం వేసిన కేసు 2010లో ఓడింది, 2013లో అప్పీలులోనూ ఓడింది. 2015 మార్చిలో బ్రిటన్ సుప్రీంకోర్టు 52.5 లక్షల పౌండ్ల పరిహారం ఖాయం చేసింది. ఏ ప్రమాదం గురించి చెప్పాలో డాక్టర్ ఇష్టానికి వదలకూడదని, రోగికి ఏది ముఖ్యమో దాన్నిబట్టే చెప్పాలని తీర్పునిచ్చింది. రెండుసార్లు ఓడిన కేసును మూడో మెట్టు ఎక్కించిన లాయర్లను నడిపింది ఫీజు ఆశ ఒక్కటే అంటే నమ్మడం కష్టం.

ఈ పని దగ్గరగా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. సొలిసిటర్ ముందుగా చేసేది కేస్ షీట్లు తెప్పించి గంట గంటకూ ఏం జరిగిందో వరుస కట్టడం. బిడ్డ గుండె చప్పుడు ఎప్పుడు తగ్గింది, నర్సు ఎవరిని పిలిచింది, ఆ డాక్టర్ ఎన్నింటికి వచ్చారు, ఏ గంట నోట్సు లేదు. చాలా కుటుంబాలకు అసలేం జరిగిందో మొదటిసారి తెలిసేది అక్కడే. కేసులు వేసిన 227 మంది రోగులు, బంధువులతో జరిపిన ఒక అధ్యయనం 1994లో 'లాన్సెట్'లో వచ్చింది. పరిహారంతో పాటు జరిగినదానికి వివరణ, ఇంకొకరికి అలా జరగకూడదన్న పట్టుదల, బాధ్యుల జవాబుదారీతనం వారిని కోర్టుకు నడిపించాయని అది తేల్చింది. ఆసుపత్రి ఇవ్వని జవాబు తాను రాబట్టినప్పుడు కలిగే తృప్తి ఈ వృత్తిలో చిన్నదేమీ కాదు.

అయినా అసలు చిక్కు లాయర్ మనసులో లేదు, ఫీజు పద్ధతిలో ఉంది. పరిహారాన్ని ఎక్కువగా పోయిన సంపాదన, సంరక్షణ ఖర్చుల మీద లెక్కగడతారు. ఆసుపత్రి తప్పుతో ఎనభై ఏళ్ల వృద్ధురాలు చనిపోతే ఆ రెండు లెక్కలూ సున్నాకు దగ్గరగా వస్తాయి. ఇంగ్లండ్ చట్టం ప్రకారం ఆప్తుల్ని పోగొట్టుకున్న దుఃఖానికి ఇచ్చే నిర్ణీత మొత్తం 2020 నుంచి 15,120 పౌండ్లు, అదీ భార్యాభర్తల వంటి కొద్దిమందికే. నిపుణుల నివేదికల ఖర్చే అంతకు మించిపోయే కేసును ఎంత మనసున్న సొలిసిటరైనా వెనక్కి పంపాల్సి వస్తుంది. లాయర్ల అత్యాశ మీద జరిగినంత చర్చ, ఇలా గుమ్మంలోంచే తిరిగిపోయేవాళ్ల మీద జరగకపోవడం అన్యాయం.

మన దేశంలో 'గెలిస్తేనే ఫీజు' ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలే ఒప్పుకోవు. లాయర్ ఫలితంలో వాటా అడగకూడదు. ఆశపోతుతనానికి అది అడ్డుకట్టే, కానీ చేతిలో డబ్బులేని రోగికి దారి కూడా మూసేస్తుంది. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో శస్త్రచికిత్స తర్వాత రెండు కాళ్లూ చచ్చుబడిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నాడు. 2009లో కోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. మాంట్‌గోమరీ కేసులోలాగే అక్కడా గెలుపుకు ఒక కారణం రోగి సమ్మతి: బయాప్సీకి ఒప్పుకుంటే కణితినే తీసేశారు. ఆ తెలివి, ఆ ఓపిక అందరికీ ఉండవు. ఉచిత న్యాయసహాయం పేరుకు లాయర్‌ను ఇచ్చి వదిలేయకుండా, కేస్ షీట్లు చదివి నివేదిక ఇచ్చే స్వతంత్ర వైద్య నిపుణుడి ఫీజునూ భరించాలి. జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు నిలబడే పేద రోగికి మొదట కావాల్సింది అదే.