సంఘసేవకు పట్టమెందులకు?

"పరులకు మేలు చేయుటకు పట్టమెందులకు? మంచి మనసున్న చాలదా?" అని విద్యార్థుల తలిదండ్రులు కొందఱు మమ్మడుగుచున్నారు. కుమార్తెయో కుమారుడో ఎం.యస్.డబ్ల్యు. చదువగోరినప్పుడే యీ ప్రశ్న పుట్టుచున్నది. దీని వెనుక వేఱొక ప్రశ్న దాగియున్నది: ఆ చదువునకు జీతమున్నదా?

మంచి మనసు చాలదనియే మా యభిప్రాయము. ఆకలిగొన్న బాలునకు అన్నము పెట్టుటకు దయ చాలును. రైలు స్టేషనులో దొరకిన యా బాలుని ఇంటికి పంపవచ్చునో, ఆ యింటి దెబ్బలకు తాళలేకయే వాడు పాఱిపోయి వచ్చెనో తెలిసికొనుట మాత్రము నేర్వవలసిన విద్య. మిషను వారికిది క్రొత్త మాట కాదు. 1926లో బొంబాయి నాగ్‌పాడాలో సేవాగృహమును స్థాపించిన అమెరికా మిషనరీ క్లిఫర్డ్ మాన్‌షర్ట్ దొరగారే, 1936లో టాటా ధర్మనిధి సాయమున వెలసిన మన దేశపు మొదటి సంఘసేవా విద్యాలయమునకు అధ్యక్షులైరి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అను పేర నేడు ప్రసిద్ధమైనది అదియే.

ఇక జీతము మాట. పనులు లేకపోలేదు. 500 మందియు అంతకు మించియు పనివారున్న కర్మాగారములలో సంక్షేమాధికారి యుండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించెను. పెద్ద యాసుపత్రులలో, ముఖ్యముగా మానసిక వైద్యశాలలలో, రోగి కుటుంబముతో మాటలాడి చికిత్స నడుమ మానకుండ చూచువారు వీరే. 2015 నాటి చట్టము ప్రకారము బాలల న్యాయమండలిలో మెజిస్ట్రేటు ప్రక్కన ఇద్దఱు సంఘసేవకులు కూర్చుందురు; అందొకరు స్త్రీ కావలెను. (అది అప్పుడే పట్టము పుచ్చుకొన్నవారికి దక్కు పీఠము కాదు.)

అయితే స్వచ్ఛంద సంస్థలలోని కొలువులు పెక్కు ఒడంబడిక మీదివి. విరాళము నిలిచిన జీతమును నిలుచును. ఈ సంగతి పిల్లలకు దాచరాదు. సేవ యను పేరు చెప్పి జీతము కోయు యజమానులును గలరు. వారిలో మన క్రైస్తవ సంస్థలు లేవనుటకు మాకు నోరాడదు. వైద్యునికి రుసుమిచ్చి సంఘసేవకునికి దీవెనలిచ్చి పంపుట న్యాయమా? జీతమెంతయని ముందుగా అడుగు యువకుని భక్తిహీనుడని యెవరును తలపకుందురు గాక.

తలిదండ్రులకు మా మనవి యొకటి. కళాశాలలో చేర్చుటకు ముందు భవనములను చూచి తృప్తిపడవలదు. విద్యార్థులను క్షేత్రకార్యమునకు ఏ పేటకు, ఏ యాసుపత్రికి పంపుదురో, అచ్చట వారి పనిని దిద్దువారెవరో అడుగుడు. తడుముకొనక బదులు చెప్పిన కళాశాలలోనే రుసుము చెల్లింపుడు.