మరబొమ్మ కూర్చోవలసింది పిల్లల బల్లమీద, అయ్యవారి కుర్చీలో కాదు

అరవైమంది ఉన్న తరగతిలో ఒక బల్ల ఖాళీ అయితే అది ఒక కుటుంబానికి వచ్చిన కష్టం. పదిహేనుమంది ఉన్న తెలుగు తరగతిలో ఒక బల్ల ఖాళీ అయితే అది ఆ ఊరి తెలుగుకే వచ్చిన కష్టం. ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు, లెక్క. ప్రాథమిక దశలో బడి మొత్తంమీద 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉంటే మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. ఉన్నత పాఠశాల దశకు చివరి నాలుగు తరగతుల్లో 60 మంది, తరగతికి 15 మంది అన్న ప్రమాణాన్ని 1961లో ముఖ్యమంత్రుల సమావేశం అంగీకరించింది. హాజరుపట్టీనుండి ఒక్క పేరు తొలగితే 15 కాస్తా 14 అవుతుంది. ఆ 14ను చూపి తెలుగు విభాగాన్ని ఎత్తివేయడానికి కలం ఎంత త్వరగా కదులుతుందో, సరిహద్దు జిల్లాల్లో బడులకోసం తిరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కృష్ణగిరి జిల్లాలోని ఒక పల్లెనుండి ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే కూతురికి రక్త క్యాన్సరు. బెంగళూరులో చికిత్స. అది రెండు మూడేళ్ళు సాగే చికిత్స. అందులో చాలా నెలలు బిడ్డను గుంపులో కూర్చోబెట్టరాదని వైద్యులు చెప్పారు. హాజరు చాలలేదని బడివారు పేరు తీసివేశారు. “పిల్లకు జబ్బు చేసింది గాని చదువుమీద ఆశ చావలేదు సార్. ఆ తరగతిలోని నేస్తులే దానికి లోకం. ఇప్పుడు దానికి బడి లేదంటే నేను ఏం చెప్పేది?” అని ఆమె అడిగింది. చట్టం చదివిన నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఎందుకు దొరకలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం మాతృభాషలో విద్యా సౌకర్యాన్ని ప్రాథమిక దశవరకే చెబుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6నుండి 14 ఏళ్ళ పిల్లలకే వర్తిస్తుంది. ప్రాథమికోన్నత విద్య పూర్తయ్యేవరకు ఏ బిడ్డనూ బడినుండి వెళ్ళగొట్టరాదని దాని 16వ సెక్షను శాసిస్తుంది. తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టగానే ఆ రక్షణా ఉండదు, ఈ రక్షణా ఉండదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్నవారికి 18 ఏళ్ళవరకు ఉచితవిద్య హక్కును ఇచ్చింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులు దాని జాబితాలో ఉన్నాయి, క్యాన్సరు లేదు. భాషకు రక్షణ ముగిసేచోటా, బాల్యానికి రక్షణ ముగిసేచోటా నిలబడి ఉన్నది మన ఉన్నత పాఠశాల విద్యార్థి. ఆ బిడ్డకు జబ్బు కూడా చేస్తే పట్టుకోవడానికి చేతికి ఏమీ అందదు.

ఇటువంటి బిడ్డలకోసం నార్వేలో ఒక మరబొమ్మను తయారుచేశారు. నో ఐసొలేషన్ అనే సంస్థ 2016లో తెచ్చిన దాని పేరు ఏవీ1. తల, భుజాలు మాత్రమే ఉన్న చిన్న తెల్లని బొమ్మ అది. తరగతిలో బిడ్డ కూర్చునే చోటనే బల్లమీద కూర్చుంటుంది. ఇంట్లో గాని ఆసుపత్రి మంచంమీద గాని ఉన్న బిడ్డ ఒక ట్యాబుద్వారా దాని కళ్ళతో నల్లబల్లను చూస్తుంది, దాని చెవులతో పాఠం వింటుంది, దాని నోటితో మాట్లాడుతుంది. ప్రశ్న అడగాలనుకుంటే చేయి ఎత్తినట్లు బొమ్మ తలపై దీపం మెరుస్తుంది. బిడ్డ ముఖం మాత్రం తరగతికి కనబడదు. మందులవల్ల జుట్టు రాలిన పిల్ల నలుగురికీ కనబడకుండా నలుగురిలో ఉండవచ్చు.

“దీనికి బొమ్మ ఎందుకు? టీవీ పాఠాలున్నాయి, అంతర్జాలంలో పాఠాలున్నాయి” అనే అధికారులున్నారు. టీవీ పాఠం ఒకవైపే నడుస్తుంది. బిడ్డ అడిగితే అది బదులు పలకదు. పైగా అల్పసంఖ్యాక భాషలో చదివే బిడ్డకు ఇల్లు దాటితే తెలుగు వినబడే చోటు ఆ ఒక్క తరగతే. వీధి భాష వేరు, ఆసుపత్రి భాష వేరు, కార్యాలయం భాష వేరు. ఆ తరగతినుండి రెండేళ్ళు దూరమైన బిడ్డ తిరిగివచ్చేనాటికి పాఠాలు మాత్రమే పోవు, ఆ పాఠాలు చెప్పుకొనే నుడీ సడలిపోతుంది. అప్పుడు రాష్ట్రభాషా మాధ్యమంలోకో, ఇంగ్లీషు మాధ్యమంలోకో మార్చడమే “సౌకర్యం” అని చెబుతారు. ఎవరి సౌకర్యం అది?

ఇక మనవారికే ఒక మాట చెప్పాలి. ఇటువంటి యంత్రాల సంగతి వినగానే మన ఉద్యమ మిత్రులు కొందరు ఉత్సాహపడుతున్నారు. హైదరాబాదులో ఒక ఉపాధ్యాయుని కూర్చోబెట్టి హొసూరు, పావగడ, బరంపురం, షోలాపూరు బడులన్నిటికీ తెరమీద తెలుగు చెప్పించవచ్చునట! మిత్రులారా, ఆ కోరిక మన నోట రావడమే ఆలస్యం, ప్రభుత్వాలు దానిని రెండు చేతులా అందుకొంటాయి. ఉపాధ్యాయ నియామకం కోరుతూ మనం వేసే ప్రతి వ్యాజ్యానికీ “తెర ఉన్నది కదా” అన్నదే జవాబవుతుంది. 1949, 1961 తీర్మానాలు మనకు ఇచ్చిన మాట ఉపాధ్యాయునిగురించి, తరగతినిగురించి, తెరనుగురించి కాదు. రాలేని విద్యార్థి బదులు మరబొమ్మ కూర్చోవడం హక్కును నిలబెట్టడం. నియమించని ఉపాధ్యాయుని బదులు మరబొమ్మను కూర్చోబెట్టడం హక్కును ఎగవేయడం. యంత్రం ఒకటే కావచ్చు, న్యాయం ఒకటి కాదు.

ఖర్చు మాటేమిటంటారా? నార్వే బొమ్మే కావాలని మనం పట్టుపట్టడం లేదు. నిలువు స్టాండుకు తగిలించిన ఒక ట్యాబు, ఒక మంచి మైకు, తెగిపోని ఇంటర్నెట్టు ఉన్నా పని నడుస్తుంది. కావలసినది తరగతిలో ఆ బిడ్డకు చోటు. తరగతిలో కెమెరా పెడితే మిగతా పిల్లల గోప్యత మాటేమిటన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. అందుకు షరతులు రాసుకోవాలి: దృశ్యాన్ని నమోదు చేయరాదు; తల్లిదండ్రుల సమ్మతి, ఉపాధ్యాయుని సమ్మతి ఉండాలి; బిడ్డ తప్ప వేరెవరూ దానిద్వారా తరగతిని చూడరాదు.

కాబట్టి మన కోర్కెలు నాలుగు. దీర్ఘవ్యాధితో బడికి రాలేని ఉన్నత పాఠశాల విద్యార్థి పేరు హాజరుపట్టీనుండి తీయరాదు. దూరంనుండి తరగతిలో పాల్గొన్న రోజును హాజరుగా లెక్కించాలి, భాషా విభాగపు సంఖ్యలోనూ ఆ బిడ్డను చేర్చాలి. ఇటువంటి పరికరాలు ఇచ్చే ఏ పథకంలోనైనా అల్పసంఖ్యాక భాషా విభాగాలకు ముందు ఇవ్వాలి. ఒక్క బిడ్డ లోటుతో మూతబడేవి అవే. ఆ పరికరం ఉన్నదన్న సాకుతో ఒక్క తెలుగు ఉపాధ్యాయ ఖాళీనీ ఆపరాదు. ఈ నాలుగింటిలో చివరిదాన్ని వదులుకొని మొదటి మూడింటిని పొందడం మనకు వద్దు.

ఆ తల్లితో కలిసి అర్జీ రాశాను. బిడ్డ పేరు తిరిగి పట్టీలో చేర్చమన్నాం. జవాబు ఇంకా రాలేదు. మీ ఊరి బడిలోనూ ఇటువంటి ఖాళీ బల్ల ఒకటి ఉండవచ్చు. వెళ్ళి హాజరుపట్టీ అడగండి. కొట్టివేసిన పేరు కనబడితే, ఆ బిడ్డ ఇంటి తలుపు తట్టండి. అర్జీ రాయడం ఆ తరువాత మనందరి పని.