పెట్టెలోని గాలి

పిల్లలూ, కిందటి నెల ఒక ఆదివారం నాడు నా పాత విద్యార్థి ఒకడు వచ్చి, నయాపూల్ అవతల మదీనా వెనక సందులో ఉన్న తన ఇంటికి నన్ను తీసుకుపోయాడు. ముప్ఫై ఏళ్ల కిందట నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడు. ఇప్పుడు సొంత కారు పెట్టుకుని అద్దెకు తిప్పుతున్నాడు. అతని కొడుకూ ఇప్పుడు తొమ్మిదో తరగతే. తండ్రీ కొడుకులు కలిసి కారు డిక్కీలో సబ్‌ఊఫర్ పెట్టారు. పెట్టారు గాని అది సరిగా పలకటం లేదు.

"సార్, మాకు ఫిజిక్స్ చెప్పింది మీరే గద, జర వచ్చి చూడున్రి. పెండ్లి కిరాయిలకు పాటలు మంచిగ రావాలంటరు. ఐదు కిరాయిల పైసలు దీంట్ల పోసిన" అన్నాడు.

సబ్‌ఊఫర్ అంటే మీకు తెలిసే ఉంటుంది. తెలియని తాతలకూ, బామ్మలకూ మీరే చెప్పాలి. గాలి సెకనుకు 20 సార్లు మొదలు 20,000 సార్ల దాకా కంపిస్తే మనిషి చెవికి ధ్వనిగా వినిపిస్తుంది. ఈల వేస్తే సెకనుకు వెయ్యికి పైగా కంపనాలు. పెద్ద డోలు మీద దెబ్బ వేసినప్పుడు గుండెకు తగిలే ఆ 'ధమ్' ఉన్నదే, అది నూటికి లోపలి కంపనాలు. ఆ అడుగు స్వరాలను మాత్రమే పలికే పెద్ద స్పీకరు పేరే సబ్‌ఊఫర్.

నేను వెళ్లేసరికి స్పీకరును పెట్టెలో నుంచి విప్పి చాప మీద పెట్టారు. పది అంగుళాల వెడల్పు, మధ్య గరాటులాంటి కోను, వెనక బరువైన అయస్కాంతం. కోనుకు అతికించిన తీగచుట్టలో విద్యుత్తు అటూ ఇటూ పోతుంటే, అయస్కాంతం వల్ల ఆ చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానితో కోనూ, కోనుతో గాలీ కదులుతాయి. అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ఈ పద్ధతిని పనికివచ్చే రూపానికి తెచ్చారు. స్పీకర్లలో ఎక్కువ భాగం ఈనాటికీ అలాగే పనిచేస్తాయి.

"ముందు పెట్టె లేకుండా, కొద్దిగానే వాయించు" అన్నాను.

కుర్రవాడు పాట పెట్టాడు. కోను ఊగటం కళ్లకు కనిపిస్తున్నది. చెవికి మాత్రం 'టప్ టప్' అని చప్పిడి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇదేంది తాతా, ఇంతగనం ఊగుతుంది, సప్పుడే లేదు?"

చాప పక్కనే విసనకర్ర ఉన్నది. దాన్ని వాడి చేతికిచ్చి బాగా నిదానంగా ఊపమన్నాను. ముఖానికి గాలే తగలలేదు. వడిగా ఊపితే తగిలింది. ఎందుకు? విసనకర్ర ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనక వెలితి ఏర్పడుతుంది. నిదానంగా ఊపితే ముందున్న గాలికి కావలసినంత వ్యవధి దొరికి, అంచు చుట్టూ జారి వెనక వెలితిలోకి పోతుంది. స్పీకరు కోనుకూ అదే గతి. సెకనుకు 40 కంపనాల స్వరమంటే దాని అల పొడవు దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక, 340ని 40తో భాగించి మీరే చూడండి. అంత పొడవు అలకు పది అంగుళాల స్పీకరు అంచు ఒక అడ్డా? ముందరి ఒత్తిడీ వెనకటి వెలితీ కలిసిపోయి ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

ఇది మీరూ చేసి చూడవచ్చు. పాడైపోయిన రేడియోలో నుంచి చిన్న స్పీకరు సంపాదించి, పెద్దవాళ్ల చేత బ్యాటరీ రేడియోకు కలిపించుకోండి. గోడ కరెంటు జోలికి మాత్రం పోవద్దు. స్పీకరును ఉత్తగా పట్టుకుని వినండి. తరవాత రెండడుగుల అట్ట ముక్కకు స్పీకరంత గుండ్రటి రంధ్రం చేసి, స్పీకరును దానికి ఆనించి వినండి. మనిషి గొంతులోకి ఒక్కసారి బరువు వస్తుంది. అట్ట చేసిన పనల్లా ముందరి గాలిని వెనక్కు పోనివ్వకపోవటమే.

నా చిన్నతనంలో టీ హోటలు వాళ్లు స్పీకరును మట్టికుండ మూతి మీద బోర్లించి, కుండను గోడ మూల పెట్టేవారు. పాట గుమ్ముగా వినిపించేది. మేం కుండలో ఏదో మహిమ ఉన్నదనుకునేవాళ్లం. కుండ వెనకవైపు గాలిని బంధించింది, అంతే. కాని ఏ పాట పెట్టినా కుండ తనకు ఇష్టమైన ఒక స్వరాన్నే ఎక్కువ చేసి పలికేది. టీ హోటలు వాళ్లకు సగం శాస్త్రం తెలుసని ఇప్పటికీ నా అభిప్రాయం.

తక్కిన సగం మా కుర్రవాడి పెట్టె దగ్గర ఉన్నది. పెట్టెలో బిగించి వాయిస్తే ధ్వని వచ్చింది. కాని తబలా అయినా, డోలైనా, గిటారైనా అన్నీ కలిసి 'బుం బుం' అని ఒకటే స్వరం. అదిగో, అదే కుండ రోగం!

మూసిన పెట్టెలోని గాలి ఊరికే ఉండదు. సూది తీసేసిన ఇంజక్షను గొట్టం చివర వేలుతో మూసి వెనక నుంచి నొక్కి చూడండి, స్ప్రింగులాగా తిప్పికొడుతుంది. లోపల గాలి ఎంత తక్కువుంటే అంత బిగువుగా కొడుతుంది. పెట్టె చిన్నదైతే కోను వెనక గాలి స్ప్రింగు బిగుసుకుంటుంది. బిగిసిన స్ప్రింగు వేగంగా ఊగాలని చూస్తుంది. ఉయ్యాలను దాని లయలోనే తోస్తే అది పెద్దగా ఊగినట్టు, ఆ వేగానికి దగ్గరగా ఉన్న స్వరాలన్నీ ఉబ్బిపోతాయి.

పూర్వం మంచి అడుగు స్వరం కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాలనేవారు. ఈ గాలి స్ప్రింగునే పనికి పెట్టుకుని చిన్న పెట్టె చెయ్యవచ్చునని 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన చేసి చూపించాడు. ఎంత స్పీకరుకు ఎంత పెట్టె అని లెక్కకట్టే దారి ఆస్ట్రేలియాలో దొరికింది. నెవిల్ థీల్ 1961లో, ఆయన వెనక రిచర్డ్ స్మాల్ 1970 తరవాత ఆ లెక్కలు ప్రకటించారు. అందుకే ఇప్పుడు మంచి స్పీకరుతో పాటు కొన్ని అంకెలున్న కాగితం ఒకటి ఇస్తారు.

మా కుర్రవాడు ఆ కాగితాన్ని పారెయ్యకుండా దాచాడు. నాకు సంతోషం వేసింది. అందులో మనకు కావలసినవి రెండు. కోను తనంతట తాను ఊగే వేగం సెకనుకు 30. రెండోది 60 లీటర్లు. అంటే కోనును పట్టి ఉంచే అంచులకు ఎంత బిగువున్నదో, 60 లీటర్ల గాలికీ అంతే బిగువున్నదన్న మాట. 60ని పెట్టె లీటర్లతో భాగించండి, ఒకటి కలపండి, వర్గమూలం తియ్యండి, 30తో గుణించండి. పెట్టెలో పెట్టాక స్పీకరు వేగం వస్తుంది.

"నీ పెట్టె ఎన్ని లీటర్లు?"

"ముప్ఫై ఒకటి, తాతా. 40 సెంటీమీటర్లు, 31, 25. గుణిస్తే 31,000 ఘన సెంటీమీటర్లు" అన్నాడు తడుముకోకుండా.

లెక్క కడితే సెకనుకు 51 వచ్చింది. అంకె బాగానే ఉన్నది, మరి చెవికి వినిపించేది అలా లేదే! స్కేలు తెచ్చి పెట్టెను బయట కొలిచాను, వాడు చెప్పినంతే ఉన్నది. "ఇప్పుడు లోపల కొలువు" అన్నాను. వాడు చెయ్యి లోపల పెట్టి, కొంచెంసేపు ఆగి, నాలుక కరుచుకున్నాడు.

చెక్క మందం 18 మిల్లీమీటర్లు. ప్రతి కొలతలోనూ రెండు వైపులా కలిసి 3.6 సెంటీమీటర్లు పోతాయి. మిగిలింది 36.4, 27.4, 21.4. గుణిస్తే 21.3 లీటర్లు. ముప్ఫై ఒక్క లీటర్లలో సుమారు పది లీటర్లు చెక్కే తినేసింది! స్పీకరు అయస్కాంతమూ చట్రమూ లోపలికి వచ్చి ఇంకో లీటరుంబావు ఆక్రమించాయి. మిగిలిన గాలి 20 లీటర్లు. అరవైని ఇరవైతో భాగిస్తే మూడు, ఒకటి కలిపితే నాలుగు, మూలం రెండు, ముప్ఫైతో గుణిస్తే అరవై. బుం బుం మనేది అదే.

దాంతో ఆగలేదు. పాట పెట్టి, అతుకుల వెంట అగరువత్తి తిప్పాం. ఒక మూల దగ్గర పొగ వణికింది. గాలి అక్కడ నుంచి కారుతున్నది.

కొత్త పెట్టెకు 48 లీటర్లు పెడితే వేగం సరిగ్గా 45 వస్తుందని కుర్రవాడు తానే లెక్కకట్టాడు. తండ్రి ఒప్పుకోలేదు. "డిక్కీ అంత నీ డబ్బాకే ఇస్తే ప్యాసింజర్ల సూట్‌కేసులు నా నెత్తిమీద పెట్టుకోవాల్నా?" అన్నాడు. నిజమే, అతనికి అన్నం పెట్టేది డిక్కీ. పెట్టెకు గొట్టం పెట్టి ఇంకా కింది స్వరాలు రాబట్టే పద్ధతి కూడా ఉన్నది గాని, దానికీ చోటు కావాలి. చివరకు 34 లీటర్ల గాలి దగ్గర బేరం కుదిరింది. అంటే వేగం 50. కారులో అది చాలు. ఎనిమిది మీటర్ల అలకు కారులో చోటే లేదు కనుక, అద్దాలు ఎత్తితే లోపలి గాలి మొత్తం ఒక్కసారిగా నొక్కుకుని, అడుగు స్వరాలకు కారే బలమిస్తుంది.

వడ్రంగికి ఈసారి లోపలి కొలతలే రాసి ఇచ్చాం. 44, 31, 26. అతుకులకు జిగురు, మేకులకు బదులు స్క్రూలు, లోపల అంచుల వెంట సిలికాను. పెట్టెలో దూది వదులుగా నింపితే, గాలి మరికాస్త పెద్ద పెట్టెలో ఉన్నట్టు నడుచుకుంటుంది. కోనును అరచేతితో మెల్లగా నొక్కి వదిలితే నిదానంగా వెనక్కు వచ్చింది. కారటం లేదన్న మాట. పెట్టెను డిక్కీలో బోల్టులతో బిగించమనీ, తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు వెయ్యమనీ గట్టిగా చెప్పాను. ఎక్కడైనా గుద్దుకుంటే బిగించని పెట్టె ముందుకు ఎగిరి వస్తుంది.

ఆ సాయంత్రం నన్ను ఇంటి దగ్గర దింపటానికి బయలుదేరారు. తబలా తబలాలా, డోలు డోలులా పలుకుతున్నాయి. కుర్రవాడి ఆనందం చెప్పనలవి కాదు. ఆంప్లిఫయరు గుండీ తిప్పుతూ పోయాడు. హైకోర్టు దాటి నయాపూల్ ఎక్కాం. సీటు వణుకుతున్నది, నా పళ్లు కూడా. ఇంతలో తండ్రి అద్దంలో చూసి ఉలిక్కిపడ్డాడు. వెనకనే ఆంబులెన్సు, నెత్తిన దీపం గిర్రున తిరుగుతున్నది. ఎంతసేపటి నుంచి సైరను మోగిస్తున్నాడో మాకెవరికీ తెలియదు! అతను కారును అంచుకు లాగాడు. ఆంబులెన్సు వంతెన దిగి ఉస్మానియా ఆసుపత్రి వైపు తిరిగింది. తండ్రి పాట ఆపేశాడు. అఫ్జల్‌గంజ్ దాటేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

అద్దాలు ఎత్తి ఉండటం ఒక కారణం. ఇంకో కారణం మన చెవిలోనే ఉన్నది. కింది స్వరం చాలా బిగ్గరగా ఉంటే అది తనకన్నా పై స్వరాలను చెవిలో కప్పివేస్తుంది. సైరను పై స్వరమే. బయటివాళ్ల సంగతి మరొకటి. అడుగు స్వరాలు గోడలు దాటిపోతాయి. ఆసుపత్రికీ, బడికీ, కోర్టుకూ చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చునని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పగలు 50 డెసిబెళ్లు, రాత్రి 40. నయాపూల్‌కు ఒక కొసన హైకోర్టు, ఇంకో కొసన ఆసుపత్రి. ఇక రోజంతా కారులో కూర్చునే డ్రైవరు చెవుల మాటేమిటి? 85 డెసిబెళ్ల మోత ఎనిమిది గంటలకు మించి వినరాదని అమెరికాలోని నియోష్ అనే సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ వ్యవధి సగమవుతుంది. 94 అయితే ఒక్క గంటే.

మరునాడు బడి వదలగానే కుర్రవాడు నాకు ఫోను చేశాడు. కారును సందులో నిలిపి, ఇరవై అడుగుల వెనక మేనమామ చేత స్కూటరు హారను కొట్టించాడట. తాను అద్దాలెత్తుకుని లోపల కూర్చుని, గుండీ కొంచెం కొంచెంగా తిప్పుతూ హారను ఎక్కడిదాకా తేటగా వినిపిస్తుందో చూశాడట. అక్కడికి ఒక గీత తక్కువగా, వాళ్లమ్మ గోళ్ల రంగుతో ఎర్రచుక్క పెట్టాడు. గుండీని గడియారమనుకుంటే ఆ చుక్క తొమ్మిది దగ్గర పడింది. తండ్రి పది దాకా పోనివ్వమని బతిమాలాడట. వీడు ఒప్పుకోలేదు.